హక్కా అంటే నూడుల్స్ రకం కాదట!

ఇరవై ఏళ్ళుగా మా సెంటర్లో బండి దగ్గర గోబీ మంచూరియా, హక్కా నూడుల్స్ తింటున్నాను. "ఇది అసలు చైనీసేనా?" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, అన్నవాళ్ళే ప్లేటు నాకేస్తారు. ఆ సంగతేంటో చూద్దామని డిసెంబరులో ఫలక్‌నుమా ఎక్కి, చైనీయులు తరతరాలుగా ఉంటున్న కలకత్తా వెళ్ళాను. మూడు రోజులు, ఎక్కువ భాగం తిండికే.

ముందు బస గురించి. చాందినీ చౌక్ మెట్రో దగ్గర ఒక పాత గెస్ట్‌హౌస్‌లో దిగాను. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. కానీ వేడినీళ్ళు 24 గంటలూ వస్తాయని ఫోన్లో చెప్పినాయన, నేను దిగాక "ఏడు తర్వాతే సార్" అన్నాడు. నాకేమో ఆదివారం ఆరింటికల్లా, చైనీయుల పాత పేట టిరెట్టా బజార్లో టిఫిన్‌కి ఉండాలి. చన్నీళ్ళే గతి. అయితే అక్కణ్ణుంచి నడిచే వెళ్ళిపోవచ్చు కాబట్టి మళ్ళీ వెళ్ళినా అక్కడే దిగుతాను.

టిరెట్టా బజార్ అంటే పెద్ద హోటలేదో ఉంటుందనుకోకండి. పోద్దార్ కోర్ట్ పక్కన రోడ్డు మీద బల్లలు వేసి, అల్యూమినియం గిన్నెల్లో ఆవిరి మీద ఉడికించినవి అమ్ముతారు, అంతే. పంది మాంసం కూరిన బన్నులు, మోమోల్లాంటి షుమాయ్, చేప ఉండల సూపు. ఒక ముసలావిడ మూత తీయగానే ఆవిరి కళ్ళద్దాలకి పట్టేసింది, నేను తుడుచుకునేలోపు పట్టకారుతో రెండు బన్నులు ప్లేట్లో పెట్టేసి పక్కవాడికి చిల్లర ఇస్తోంది. చేప ఉండ పంటికింద రబ్బరులా సాగుతుందని భయపడ్డాను గానీ, మెత్తగా, కాస్త ఉప్పగా, పల్చటి సూపులో భలే ఉంది. కారం లేదు, సోయా సాస్ వరద లేదు. ఎనిమిదిన్నరకల్లా గిన్నెలు ఖాళీ. బల్లల వెనక ఉన్నవాళ్ళందరూ చైనీయులేం కాదు, బెంగాలీలు, బిహారీలు కూడా మోమోలు, పూరీలు అమ్ముతున్నారు. మంచింగ్ కోసం కాదు, టిఫిన్ కోసం వెళ్ళండి. శాకాహారులకి మాత్రం ఇక్కడ పెద్దగా పని లేదు.

రాత్రికి టాంగ్రా, ఊళ్ళో చైనీయుల ఇంకో పేట. ఇక్కడ తెలిసింది, హక్కా అంటే నూడుల్స్ రకం కాదు, మనుషులు. దక్షిణ చైనా నుంచి వచ్చిన ఒక జనం, ఆ మాటకి అతిథులనే అర్థం. మనవాళ్ళు అంటరాదని వదిలేసిన తోలు పని వీళ్ళు పట్టుకుని టాంగ్రా నిండా తోళ్ళ కార్ఖానాలు పెట్టారు. 1962 చైనా యుద్ధమప్పుడు భారతదేశంలోని చైనీయుల్లో సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపులో పెట్టారు, తర్వాత చాలామంది కెనడా అవీ వెళ్ళిపోయారు. 1996లో సుప్రీంకోర్టు తోళ్ళ కార్ఖానాలను ఊరవతలికి పంపేయమంది. అలా కొన్ని కార్ఖానాలు హోటళ్ళయ్యాయి. అందుకే ఆ ఎత్తైన గోడలు, లారీ పట్టే ఇనప గేట్లు!

మొదట వెళ్ళిన పెద్ద హోటల్ నిరాశే. మెనూ పెళ్ళి ఆల్బమంత ఉంది, పనీర్ మంచూరియా దగ్గర్నుంచి అన్నీ ఉన్నాయి, చిల్లీ చికెన్ మాత్రం చల్లారిపోయి జిగురుగా వచ్చింది. మార్చమంటే ఇరవై నిమిషాలు ఎవరూ ఇటు రాలేదు. మర్నాడు పక్క సందులో ఆరు బల్లల చిన్న హోటల్‌కి వెళ్ళాను. చిల్లీ చికెన్‌లో పచ్చిమిర్చి, వెల్లుల్లి వాసన వేడివేడిగా తగిలింది. గల్లా దగ్గరి ఆంటీని "మీ ఇంట్లో కూడా ఇదేనా?" అని అడిగితే నవ్వేసింది. "ఇంట్లో ఉప్పేసి ఊరబెట్టిన ఆకుకూర, పంది మాంసం, అన్నం. ఇది మీకోసం వండేది" అంది, హిందీలో బెంగాలీ కలిపి.

అదీ సంగతి. అసలా నకిలీయా అని మనం కొట్టుకుంటుంటే, ఎదుటివాడి నాలుక చూసి వండి బతికినవాళ్ళ వంట ఇది. మంచూరియన్‌ని 1975లో ముంబైలో కనిపెట్టానని చెప్పిన నెల్సన్ వాంగ్ పుట్టింది కూడా కలకత్తాలోనే, చైనాలోని మంచూరియా ప్రాంతానికి ఆ వంటకంతో సంబంధమే లేదు. అయితే ఏం? ఆరు బల్లల హోటల్‌ది నాకు నూటికి నూరు, పెద్ద గేటు హోటల్‌కి మళ్ళీ వెళ్ళను.

టాంగ్రాలోనే చైనీస్ కాళీ గుడి ఉంది, అమ్మవారికి నూడుల్స్ నైవేద్యం పెడతారు. నేను వెళ్ళేసరికి తలుపులేశారు, కాబట్టి ప్రసాదం రుచి అడక్కండి.

వచ్చేటప్పుడు టిరెట్టాలో పచ్చిమిర్చి సాస్ సీసా కొన్నాను. రైల్లో మూత వదులై సగం నా చొక్కాలకే అయింది. మిగిలింది మా అమ్మ చూసి మొదట మొహం చిట్లించింది గానీ, మొన్న అల్లం పచ్చడి అయిపోయిన రోజు పెసరట్టులోకి అదే నంజుకుంది.