తెలుగు అర్థమా, ఇంగ్లిష్ నిర్వచనమా?

కొత్త ఇంగ్లిష్ మాట ఎదురైతే ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు తీయాలా, ఇంగ్లిష్–ఇంగ్లిష్ డిక్షనరీ చూడాలా? వస్తువుల పేర్లకైతే నా ఓటు మొదటిదానికే. ‘క్యుమిన్’ అంటే జీలకర్ర. ఒక్క మాటతో పనైపోయింది. ఇంగ్లిష్ నిర్వచనం చదివితే ఏవో సువాసన గింజలని తెలుస్తుంది కానీ పోపుల డబ్బా గుర్తుకు రాదు.

వ్యతిరేక పదాల దగ్గరా తెలుగు కలిసొస్తుంది. ‘ఓల్డ్’కు పాత, ముసలి అని మనకు వేర్వేరు మాటలున్నాయి కాబట్టి ఒకచోట ‘న్యూ’, ఇంకోచోట ‘యంగ్’ అని ఇట్టే తడుతుంది.

చిక్కంతా పర్యాయపదాలతోనే. ‘స్లిమ్’, ‘స్కిన్నీ’ రెండింటికీ ‘సన్నని’ అని రాసుకుని, ఎవరినో మెచ్చుకోబోయి ‘యూ ఆర్ స్కిన్నీ’ అంటే వాళ్ల ముఖం మాడిపోతుంది. మొదటిది మెప్పు, రెండోది బక్కచిక్కినట్టున్నావనడం. ‘డౌట్’ సంగతి ఇంకా గమ్మత్తు. సందేహం అని నేర్చుకున్నాం కనుక క్లాసులో చెయ్యెత్తి ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటాం. అమెరికాలోనో బ్రిటన్‌లోనో అలా అంటే, చెప్పింది నమ్మట్లేదేమో అనుకుంటారు. అక్కడ ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనాలి. ఈ తేడా తెలుగు అర్థంలో దొరకదు, ఇంగ్లిష్–ఇంగ్లిష్ డిక్షనరీలో నాలుగు ఉదాహరణ వాక్యాలు చదివితే పట్టుబడుతుంది.

ఆ నిర్వచనమే అర్థం కాకపోతే? లాంగ్‌మన్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు విద్యార్థుల కోసం 1978లో తెచ్చిన డిక్షనరీలో అర్థాలన్నీ దాదాపు 2,000 తేలిక మాటలతోనే చెప్పారు. పదో తరగతి ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు టెన్షన్ అక్కర్లేదు.