గోదావరి పాత గుళ్ళకి చందా రాసే ముందు ఒకసారి వెళ్ళి చూసిరండి

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తా, అది కక్కేస్తే గానీ మిగతాది రాయలేను. పేరు రాయను, కోనసీమలో ఒక టౌన్‌లో బస్టాండ్‌కి దగ్గరే ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఏసీ డబుల్ రూమ్ 1,800 అని బుక్ చేశా, రాత్రి తొమ్మిదింటికి దిగితే కౌంటర్‌లో కుర్రాడు "శని ఆదివారాలు 2,400 అండి" అన్నాడు. ఫోన్‌లో కన్ఫర్మేషన్ చూపిస్తే "అది వాళ్ళ రేటండి, మాది కాదండి" అంటాడు, అండీ అండీ అంటూనే జేబు కోస్తారు చూడండి, కోపం తెచ్చుకోడానికి కూడా సందు ఇవ్వరు. రెండు రూములకి కలిపి 1,200 ఎక్స్‌ట్రా కట్టాం. పదకొండింటికి కరెంటు పోయింది, జనరేటర్ మీద ఫ్యానే తిరుగుతుందట, ఏసీ తిరగదట. కుళాయి తిప్పితే ఎర్రటి నీళ్ళు, బకెట్ వేడినీళ్ళు 30, బాత్రూం తలుపుకి గొళ్ళెం లేదు. పొద్దున్న ఎనిమిదింటికల్లా తలుపు కొట్టి చెకవుట్ టైమ్ అన్నారు, వాళ్ళ గోడ మీదే "24 గంటల చెకవుట్" అని బోర్డు ఉంది. మా ఆవిడ ఏం మాట్లాడకుండా ఆ కుర్రాణ్ణి తీసుకెళ్ళి బోర్డు ముందు నిలబెట్టింది, "అది పాత బోర్డండి మేడమ్" అన్నాడు. నా మాట విని రాజమండ్రిలోనో కాకినాడలోనో దిగి పగలు తిరగండి, డెల్టా లోపల రాత్రి పడుకోవాలంటే తెలిసినవాళ్ళ ఇల్లు ఉంటేనే.

ఇంతకీ ఎందుకెళ్ళామంటే మా బాబాయిది అటు పక్క పల్లెటూరు. ఊరొదిలి హైదరాబాద్ వచ్చేసి చాలా ఏళ్ళయింది గానీ ఊరి వాట్సాప్ గ్రూపులో పొద్దున్న లేచింది మొదలు ఉంటాడు. ఆ గ్రూపులో "మన శివాలయం జీర్ణోద్ధరణ, కుటుంబానికి 25,000" అని మెసేజ్ వచ్చింది, బాబాయి అప్పటికప్పుడు పంపేశాడు, మమ్మల్నీ పంపమన్నాడు. చూడకుండా పైసా ఇవ్వనంది మా ఆవిడ. సరే రండి చూపిస్తా అని బాబాయి పిన్నినీ మమ్మల్నీ బయల్దేరదీశాడు, రాజమండ్రి నించి కారు రోజుకి 3,200, డీజిల్ మాదే.

గుడి దూరం నించే మెరిసిపోతోంది. కింద గ్రానైట్, గోడలకి బాత్రూం టైల్స్, మండపంలో నాలుగు రాతి స్తంభాలకి నీలం గులాబీ ఆయిల్ పెయింట్. పాత ఇటుక విమానాన్ని, అంటే గర్భగుడి మీది గోపురాన్ని, జేసీబీ పెట్టి ఒక్క పూటలో దింపేసి శ్లాబు పోశారట, దాని మీద సిమెంటు బొమ్మలు. ద్వారబంధం మీద రెండు వరసల్లో ఏదో పాత శాసనం ఉంది, అక్షరాల గాడుల్లో ఎనామెల్ నిండిపోయి వేలు పెట్టి తడిమితే గానీ అక్షరం ఉన్నట్టే తెలీదు. డెల్టా అంతా ఒండ్రుమట్టి, రాయి దొరకదు, అందుకే ఇక్కడి చిన్న గుళ్ళు ఎక్కువ ఇటుకా సున్నంతో కట్టి గడపలకీ స్తంభాలకీ మాత్రం బయట నించి రాయి తెప్పించుకునేవాళ్ళు. అంత కష్టపడి తెచ్చుకున్న రాయికి రంగు పూస్తారా ఎవరైనా? వెనకాల కొబ్బరి డొక్కల పక్కన ఒక నంది, కొమ్ము విరిగింది, దాని మీద ఎవరో తువ్వాలు ఆరేశారు.

బాబాయి ఒక స్తంభం దగ్గర చాలాసేపు తచ్చాడాడు, చిన్నప్పుడు దాని మీద జంట నాగులు ఉండేవట, గోరుతో పెయింట్ గీకితే ఒక తోక కనపడింది. కాంట్రాక్టర్ వచ్చి "పాతది బలంగా లేదు సార్, ఇప్పుడు వందేళ్ళు ఢోకా లేదు" అన్నాడు. మొత్తం ఎంతయిందంటే 42 లక్షలట, లెక్క అడిగితే జిరాక్స్ కాయితాలు నాలుగు తెచ్చారు, అందులో పెయింట్ బిల్లే 3 లక్షల 60 వేలు! దేవాదాయ శాఖ స్థపతి (గుళ్ళు కట్టే శాస్త్రం తెలిసినాయన) ఇచ్చిన ఎస్టిమేట్ ఏదండీ అని అడిగాను, కమిటీ పెద్దమనిషి కాఫీ తాగుతారా అన్నాడు. కార్లో బాబాయి పాటలు ఆపేయమన్నాడు, పిన్ని జీడిపప్పు ప్యాకెట్ ఇస్తే తీసుకోలేదు. ఆయన జీడిపప్పు వద్దన్నాడంటే మనిషి బాగా దెబ్బతిన్నట్టే.

ముక్తేశ్వరం దగ్గర కారుతో సహా పంటు (బళ్ళని కూడా దాటించే పెద్ద పడవ) ఎక్కి కోటిపల్లిలో దిగాం. ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణి కింద నించీ పై అంతస్తు నించీ చూశాం, శుభ్రంగా ఉంది, క్యూ లేదు, రాతి మీద శాసనాలు వందల్లో ఉంటాయి, పెయింట్ లేని రాయి ఎంత బావుంటుందో చూడాలంటే అక్కడ చూడండి. బిక్కవోలు కూడా వెళ్ళాం, తూర్పు చాళుక్యుల నాటి గుళ్ళు, పొలాల మధ్య ఉన్నవి ఎవరూ చూపించరు, దారి అడుక్కుంటూ గట్ల మీద నడవాలి, చెప్పులు బురదవుతాయి, అయినా వెళ్ళండి.

అసలు రాయాలనిపించింది మాత్రం ఆ రాత్రి దిగిన ఊరి గురించి. గోదావరి గౌతమి పాయ గట్టు పక్కన చిన్న ఊరు, పేరు వేస్తే జనం వచ్చి సెల్ఫీలు దిగుతారని మాస్టారు వద్దన్నారు. మాస్టారంటే రిటైరయిన లెక్కల టీచరు, బాబాయి క్లాస్‌మేటుకి బావమరిది. వాళ్ళ కేశవస్వామి గుడి విమానం మీద రావి మొక్క మొలిచి చెట్టయింది, పైపైన కోస్తే మళ్ళీ చిగురించేది. ఇప్పుడు వేరు దిగిన చోట ఇటుకలు విప్పి మొత్తం లాగేశారు, నా మణికట్టంత లావు వేరు, మెలికలు తిరిగి ఇటుక ఆకారానికి నొక్కుకుపోయి ఉంది, మా ఆవిడ దాన్ని నాలుగు వైపుల నించీ ఫొటోలు తీసింది.

అంతకు ముందెప్పుడో ఎవరో దాత గోడలకి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారట. "అదేనండి కొంప ముంచింది" అన్నారు మాస్టారు. ఇక్కడ నేల కింద నీళ్ళు ఎప్పుడూ పైనే ఉంటాయి, చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, సున్నం పూత అయితే బయటికి ఆరిపోతుంది, సిమెంటు ఆరనివ్వదు, చెమ్మా ఉప్పూ లోపలే ఉండిపోయి ఇటుకని తినేస్తాయి. ఒకచోట సిమెంటు పెచ్చు ఊడదీసి చూపించారు, వెనకాల ఇటుక రస్కు ముక్కలా పొడిపొడిగా రాలింది. అందుకని సిమెంటంతా ఉలితో మెల్లగా తీస్తున్నారు, సున్నం గోతిలో వారాల తరబడి నానబెట్టి, ఇసక కలిపి గానుగలో రుబ్బి, కరక్కాయా బెల్లం నానేసిన నీళ్ళు పోసి పూస్తున్నారు. గానుగకి ఎడ్లు లేవు, మోటారు బిగించారు. పూసింది తొందరగా ఆరకూడదని గోనెసంచులు కప్పి రోజూ నీళ్ళు చల్లాలి. తమిళనాడు నించి వచ్చిన మేస్త్రి ఒకాయన, ఆయన దగ్గర నేర్చుకుంటున్న ఊరి కుర్రాళ్ళు ఇద్దరు, మేస్త్రికి రోజు కూలి 1,500. సిమెంటుకంటే ఖర్చు ఎక్కువే, టైమ్ మరీ ఎక్కువ.

విప్పిన రాళ్ళన్నిటి మీదా సుద్దతో నంబర్లు వేశారు, నోట్‌బుక్‌లో బొమ్మ గీసి అదే నంబరు రాశారు, ఏ రాయి ఎక్కడిదో మళ్ళీ అక్కడికే వెళ్ళాలని. స్వామిని కళాకర్షణ చేసి, అంటే పని అయ్యేదాకా మంత్రాలతో స్వామి శక్తిని వేరే చోటికి మార్చి, రేకుల షెడ్డులో బాలాలయంలో (తాత్కాలిక గుడిలో) ఉంచారు, పూజ అక్కడే. పూజారి గారు దద్దోజనం చేతిలో పెడుతూ చెప్పారు, ధూపదీప నైవేద్యం పథకం కింద నెలకి 5,000 ఉండేది 2024లో ప్రభుత్వం 10,000 చేసిందని, ఆ ముందు నూనె ఖర్చు ఆయన జేబులోదేనట. గుళ్ళ బాగుకోసం దేవాదాయ శాఖ ఇచ్చే సర్వశ్రేయో నిధికి అర్జీ పెట్టారు, దానికి ఊరి వాటా కట్టాలి, ఆ వాటా కోసమే చందాలు. తిరుపతిలో 10,500 పెట్టి శ్రీవాణి టికెట్ కొంటాం కదా, అందులో విరాళంగా పోయే 10,000 కొత్త గుళ్ళకీ ఇలా పాతవి బాగుచేయడానికీనట, నాకు ఇన్నాళ్ళూ దర్శనం సంగతే తెలుసు. లెక్కల పుస్తకం అడక్కుండానే ముందు పెట్టారు, గోనెసంచులు 40, సంచి 12 చొప్పున 480, అలా.

రాత్రి మాస్టారింట్లోనే పడుకున్నాం. భోజనంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, ముద్దపప్పు, పొద్దున్న పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు, అల్లం పచ్చడి. ఆకు వాసన ఇడ్లీకి ఎంత పడుతుందో తిన్నవాళ్ళకే తెలుసు, నేను ఆరు తిన్నా, బాబాయి ఎన్ని తిన్నాడో పిన్ని లెక్కపెట్టి మరీ బీపీ మాత్ర వేసింది. డబ్బులిస్తామంటే మాస్టారి భార్య "ఆయ్, మేమేం హోటల్ పెట్టామాండి" అని కసిరింది. గుడి ఖాతాకి 10,000 ట్రాన్స్‌ఫర్ చేశాం, మా ఆవిడే చేసింది, రసీదు అక్కడికక్కడే.

మీకెవరైనా జీర్ణోద్ధరణ చందా అడిగితే ఎంత అని కాదు, పాత రాళ్ళు ఎక్కడ పెట్టారు, సున్నమా సిమెంటా, స్థపతి ఎవరు, ఇవి అడగండి. రంగు పోగొట్టడానికి ఇసక కొట్టే మిషన్ పెడతామంటే మాత్రం ఒప్పుకోకండి, రంగుతో పాటు చెక్కడం కూడా అరిగిపోతుంది.

బాబాయి వచ్చిన దగ్గర్నించీ కమిటీకి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. స్తంభాల రంగు తీయించమంటే "కళ తప్పుతుంది సార్" అంటున్నారట, పైగా మళ్ళీ సంక్రాంతికి ఇంకో కోటింగ్ వేస్తున్నాం మీ వాటా 5,000 అని మెసేజ్ పెట్టారు. ఈసారి డబ్బు బదులు పెయింట్ రిమూవర్ డబ్బా పార్సిల్ చేస్తానంటున్నాడు, పిన్ని పడనివ్వడం లేదు.