నీళ్లలో దిగాలా, పొగతో సరిపెట్టాలా: సముద్రగర్భ సినిమాకు ఏది మేలు?

సముద్రం అడుగున జరిగే సైన్స్ ఫిక్షన్ కథను తెరకెక్కించడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. నటులను నిజంగానే నీళ్లలోకి దింపవచ్చు. పొడి సెట్‌లో పొగ నింపి, నీలికాంతి వేసి నీళ్లున్నట్టు నమ్మించవచ్చు. లేదా కంప్యూటర్‌లో సృష్టించవచ్చు. ఏది మేలో తేల్చుకోవడానికి జేమ్స్ కామెరాన్ 1989లో తీసిన ‘ది అబిస్’ చక్కగా పనికొస్తుంది. అందులో ఈ మూడు పద్ధతులూ ఉన్నాయి.

ముందు నీళ్ల సంగతి. అమెరికాలోని సౌత్ కరోలినాలో, కట్టడం మధ్యలోనే ఆగిపోయిన ఒక అణు విద్యుత్ కేంద్రాన్ని ట్యాంకుగా మార్చారు. అందులో పట్టిన నీరు సుమారు 70 లక్షల గ్యాలన్లు. ఎండ లోపలికి దిగితే అది నడిసముద్రం కాదని ఇట్టే తెలిసిపోతుంది కనుక, నీటిపైన నల్లటి ప్లాస్టిక్ పూసలు పరిచి వెలుతురును ఆపారు. నటుల ముఖం పూర్తిగా కనబడేలా హెల్మెట్లు చేయించి, సంభాషణలను నీటి అడుగునే రికార్డు చేశారు. ఆ శ్రమ ఫలితం క్లోజప్పుల్లో కనిపిస్తుంది. ఒళ్లు బరువుగా, నెమ్మదిగా కదులుతుంటే హెల్మెట్‌లో కనురెప్పలు మాత్రం మామూలు వేగంతోనే కొట్టుకుంటాయి.

పొగలో తీసి స్లో మోషన్‌లో చూపిస్తే రెప్పపాటు కూడా సాగిపోతుంది. మన కన్ను దాన్ని వెంటనే పట్టేస్తుంది. అలాగని పొగను చిన్నచూపు చూడనక్కర్లేదు. ‘ది అబిస్’లో చిన్న జలాంతర్గాముల నమూనాలను చాలావరకు పొగలోనే చిత్రీకరించారు, అవి ఎంతో సహజంగా ఉన్నాయి. యంత్రానికి రెప్పలుండవు కదా! పైగా ఇందులో ప్రాణభయం లేదు. నీటి అడుగున కామెరాన్‌కే ఒకసారి గాలి అయిపోయి ప్రాణం మీదికి వచ్చింది.

ఇక కంప్యూటర్. ‘ది అబిస్’లో పాములా మెలికలు తిరుగుతూ వచ్చి మనిషి ముఖాన్ని అనుకరించే నీటి స్తంభం ఒకటుంది. కంప్యూటర్‌లో సృష్టించిన అది తెరపై ఉండేది కేవలం 75 సెకన్లు. దాన్ని ఇప్పుడు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ప్రకృతిలో లేని వస్తువు కాబట్టి పోల్చి తప్పు పట్టడానికి అసలు నమూనా అంటూ ఏదీ లేదు. ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ దక్కడం న్యాయమే.

గ్రాఫిక్స్ ఇంత ఎదిగాక నీళ్లెందుకు అనేవారికి 2022 నాటి ‘అవతార్: ది వే ఆఫ్ వాటర్’ జవాబిస్తుంది. తెరపై కనిపించే పాత్రలు కంప్యూటర్‌వే అయినా, నటీనటులు ఊపిరి బిగబట్టి ట్యాంకులో దిగి నటించారు. ఆక్సిజన్ సిలిండర్లు వాడితే బుడగలు అడ్డొచ్చి, ఆ పాత్రలకు ఆధారమైన నటుల కదలికలు కంప్యూటర్‌లో సరిగా నమోదు కావు.

నా తీర్పు ఇది: మనిషి ముఖముంటే నీళ్లు, యంత్రముంటే పొగ, లోకంలో లేనిదైతే కంప్యూటర్. ట్యాంకు కట్టే స్తోమత లేని దర్శకుడు పొగనే నమ్ముకోవాలి. అయితే క్లోజప్పులను మాత్రం మామూలు వేగంతో తీసి, నెమ్మదిగా కదిలే పనిని నటుడికే అప్పగించాలి.