కుక్కల కూలింగ్ జాకెట్: హైదరాబాద్‌లో చలువ, విశాఖలో బరువు

కుక్కకు కూలింగ్ జాకెట్ కొనాలనుకునేవారు ముందుగా చూసుకోవలసింది రంగూ కాదు, ధరా కాదు, తామున్న ఊరి గాలి. మా లాబ్రడార్ భీముడు ఒకే జాకెట్‌ను హైదరాబాద్‌లో వరసగా కొన్ని వేసవులు తొడుక్కున్నాడు. బదిలీ మీద విశాఖపట్నం వచ్చాక ఇక్కడి వేసవిలోనూ తొడిగి చూశాం. ఫలితంలో పొంతనే లేదు.

ఇది మూడు పొరల బట్ట. పైన జాలీ, మధ్యలో నీటిని పీల్చుకునే మందపాటి పొర, లోపల ఒంటికి తగిలే నున్నని అస్తరు. బకెట్‌లో బాగా నానబెట్టి, నీళ్లు కారకుండా పిండి తొడగాలి. కూజాలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడా: తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల మెత్తల దగ్గర కాస్త పడుతుంది, మిగతా వేడిని చాలావరకు నాలుక బయటపెట్టి రొప్పుతూ వదిలించుకోవలసిందే. వాడికి లేని చెమటను జాకెట్ అరువిస్తుందన్నమాట.

హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటినా గాలి పొడిగా ఉంటుంది. జాకెట్ గంటా గంటన్నరలో ఆరిపోయేది. త్వరగా ఆరుతోందంటే బాగా పనిచేస్తోందనే లెక్క. లోపలికి చెయ్యి పెడితే చల్లగా తగిలేది, నడక నుంచి వచ్చాక వాడి రొప్పు తొందరగా సద్దుమణిగేది. ఆ రోజుల్లో కుళాయి తిప్పితే మేడమీది ట్యాంకులోంచి వేడినీళ్లే వస్తాయి కాబట్టి రాత్రే బకెట్ నింపి నీడన పెట్టేవాళ్లం. ఆరాక మాత్రం జాకెట్‌ను ఒంటిమీద ఉంచకూడదు. మళ్లీ తడపాలి, లేదా విప్పేయాలి. పొడి జాకెట్ అంటే ఎండాకాలంలో స్వెట్టరే.

విశాఖలో ఎండ అంత ఉండదు, కానీ సముద్రపు గాలిలో తేమ తరచు 70 శాతం పైనే. ఇక తడి ఆవిరయ్యేదెలా? మధ్యాహ్నం తొడిగిన జాకెట్ సాయంత్రానికీ తడిగానే ఉండేది, పైగా ఒంటి వేడికి గోరువెచ్చగా. కొద్ది రోజులకే చంకల్లో చర్మం ఎర్రబడి వాడు నాకడం మొదలుపెట్టాడు. తడి నిలవడం వల్లే అలా అయిందని పశువైద్యుడు చెప్పి, జాకెట్ మాన్పించారు. ఫ్యాను కింద పడుకోబెట్టి తొడిగితే కొంత నయమే గాని, ఫ్యాను ఉన్నప్పుడు జాకెట్ ఎందుకు? దానికన్నా మా అత్తగారి పాత నవారు మంచం మేలు చేసింది. కింద నుంచీ గాలి ఆడుతుంది. ఇప్పుడు ఆవిడ కూర్చోవాలన్నా వాడి అనుమతి కావాలి.

కుట్టు గట్టిదే, ఇన్నేళ్లలో ఒక్క పోగు ఊడలేదు. వెల్క్రో మాత్రం దండగ. వెంట్రుకలు ఇరుక్కుని మొదటి వేసవిలోనే పట్టు వదిలింది. దర్జీ దగ్గర ప్లాస్టిక్ బకిళ్లు వేయించాం. సైజును కుక్క బరువును బట్టి ఎంచుకోమని పెట్టె మీద రాస్తారు, దాన్ని నమ్మవద్దు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి, రెండు వేళ్లు దూరేంత వదులు చూసుకోవాలి. తీసిన ప్రతిసారీ ఎండలో ఆరేయకపోతే ముక్క వాసన పడుతుంది. కుట్ల వెంబడి పిడుదులు నక్కాయేమో కూడా చూడాలి.

జాకెట్ ఉంది కదా అని మిట్టమధ్యాహ్నం నడకకు తీసుకెళ్లేవారిని చూశాను. తారు రోడ్డు మీద మన అరచేతి వెనకభాగాన్ని ఏడు సెకన్లు ఆనించలేకపోతే, ఆ పాదాలు మాత్రం ఎలా ఓర్చుకుంటాయి? అలాగే వేసవి రాగానే లాబ్రడార్‌కు గుండు గీయించమనే సలహాలూ వింటుంటాం. దాని రెండు పొరల బొచ్చు ఎండ నుంచి కాపాడుతుంది కూడా. ఊడే వెంట్రుకలను దువ్వి తీస్తే చాలు.

హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వైపు ఉన్నవారు నిశ్చింతగా కొనవచ్చు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వారు ఆ డబ్బుతో మంచానికి కొత్త నవారు అల్లించుకోవడం మంచిది. మా జాకెట్‌ను హైదరాబాద్‌లో ఉన్న మా మరదలి కుక్కకు పంపేశాం. ఛాతీ కొలత సరిపోయింది, బకిళ్లూ గట్టిగానే ఉన్నాయట.