ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్: పైకెక్కాలా, వెనక్కి జరగాలా, ఉన్నచోటే ఉండాలా? ఏది మేలు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రధాన లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. దాని టీములు కాలేజీ ఆటగాళ్లను వంతుల వారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్, ఒక్కో వంతు ఒక పిక్. 2021 డ్రాఫ్ట్‌లో 12వ పిక్ నాలుగు టీముల చేతులు మారింది. మొదట అది శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్‌ది. మార్చి 26న వాళ్లు దాన్ని మయామీ డాల్ఫిన్స్‌కి ఇచ్చి 3వ స్థానానికి ఎక్కారు. అదే రోజు మయామీ దాన్ని ఫిలడెల్ఫియా ఈగల్స్‌కి ఇచ్చి 6వ స్థానం తీసుకుంది. ఏప్రిల్ 29న, డ్రాఫ్ట్ రాత్రి, ఈగల్స్ దాన్ని డాలస్ కౌబాయ్స్‌కి అప్పగించి 10కి వెళ్లారు. చివరికి ఆ పిక్‌తో డాలస్ డిఫెన్స్ ఆటగాడు మైకా పార్సన్స్‌ని తీసుకుంది. పైకెక్కినవాళ్లు, వెనక్కి జరిగినవాళ్లు, జరిగి మళ్లీ ఎక్కినవాళ్లు అందరూ ఈ ఒక్క పిక్ చుట్టూనే ఉన్నారు. మూడు దారుల్ని పక్కపక్కన పెట్టి తూచడానికి ఇది మంచి చోటు.

ఐపీఎల్ వేలానికి అలవాటుపడ్డవాళ్లు ముందు ఒక తేడా పట్టుకోవాలి. వేలంలో ఎక్కువ పాడినవాడిదే ఆటగాడు. డ్రాఫ్ట్‌లో పనికొచ్చేది వంతు. 32 టీములు, ఏడు రౌండ్లు. కిందటి సీజన్‌లో అట్టడుగున మిగిలిన టీముకి మొదటి వంతు, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన టీముకి ఆఖరు. జీతం కూడా 2011 నుంచి పిక్ నంబరును బట్టి దాదాపు ఖాయమైపోయింది. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లకు సంతకం పెడితే, మరుసటి ఏడాది మొదటి పిక్ కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు వచ్చింది 2.2 కోట్లు. కొత్త ఆటగాడు చవక అయ్యేసరికి వంతుల విలువ పెరిగింది. ఇప్పుడు బేరమంతా వాటి మీదే.

ఆ బేరానికి తూకం రాయి, 1990ల మొదట్లో జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్న రోజుల్లో కౌబాయ్స్ తయారు చేసుకున్న పాయింట్ల పట్టిక. అందులో మొదటి పిక్ 3000, మూడోది 2200, పన్నెండోది 1200, ముప్ఫైరెండోది 590. పై పిక్‌లకు ఈ పట్టిక అతిగా విలువ కట్టిందని తర్వాత వచ్చిన పట్టికలు చాలావరకు చెబుతాయి. అయినా ఫోన్‌లో ఇద్దరు జనరల్ మేనేజర్లు మాట్లాడుకునేటప్పుడు ఇద్దరికీ అర్థమయ్యే భాష అదే కాబట్టి ఇక్కడా దాన్నే వాడుదాం.

ముందు పైకెక్కడం సంగతి. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు) కోసం జరిగిన నాలుగు ట్రేడ్‌లకు లెక్క కడితే ఒక విషయం తేటతెల్లమవుతుంది. తర్వాతి ఏళ్ల పిక్‌లు చివరికి ఏ నంబరు దగ్గర పడ్డాయో ఆ విలువే వేస్తున్నాం.

2021లో శాన్‌ఫ్రాన్సిస్కో ఇచ్చినవి 12వ పిక్, తర్వాతి రెండేళ్ల ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక థర్డ్ రౌండ్ పిక్. ఆ రెండు ఫస్ట్ రౌండ్లూ 29 దగ్గరే పడ్డాయి, ఒక్కొక్కటి 640. థర్డ్ రౌండ్ పిక్ 102వది, 92. మొత్తం 2572. వచ్చింది 2200. అంటే 372 పాయింట్లు అదనం. 2017లో కాన్సస్ సిటీ చీఫ్స్ 27 నుంచి 10కి ఎక్కడానికి 27, 91, తర్వాతి ఏడాది ఫస్ట్ రౌండ్ ఇచ్చారు. అది 22 అయింది. 680, 136, 780 కలిపితే 1596, వచ్చింది 1300, అదనం 296. 2018లో బఫలో బిల్స్ 12 నుంచి 7కి వెళ్లడానికి 12, 53, 56 ఇచ్చారు. 1910 ఇచ్చి 1500 తెచ్చుకున్నారు, అదనం 410. 2017లోనే షికాగో బేర్స్ 3 నుంచి 2కి ఒక్క మెట్టు ఎక్కడానికి 3, 67, 111, మరుసటి ఏడాది 70 ఇచ్చారు. 2767 పెట్టి 2600, అదనం 167.

అందరికన్నా ఎక్కువ అదనంగా కట్టిన బఫలోకి జాష్ అలెన్ దొరికాడు. కాన్సస్ సిటీకి పాట్రిక్ మహోమ్స్. ఇద్దరూ లీగ్‌లో మేటి క్వార్టర్‌బ్యాక్‌లయ్యారు. శాన్‌ఫ్రాన్సిస్కోకి ట్రే లాన్స్. ఆ టీముకి నాలుగే మ్యాచ్‌లు స్టార్ట్ చేసి (మొదటి నుంచి ఆడి) 2023 ఆగస్టులో ఒక ఫోర్త్ రౌండ్ పిక్‌కి డాలస్ వెళ్లిపోయాడు. అందరికన్నా చవగ్గా ఎక్కిన షికాగోకి దక్కింది నిలదొక్కుకోలేని మిచ్ ట్రుబిస్కీ. ఆ ఏడాది 10 దాకా మహోమ్స్ మిగిలే ఉన్నాడు. పైపెచ్చు షికాగో ఇచ్చిన ఆ 70వ పిక్‌తో శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకున్నది తర్వాత స్టార్ లైన్‌బ్యాకర్ (డిఫెండర్) అయిన ఫ్రెడ్ వార్నర్‌ని.

కాబట్టి క్వార్టర్‌బ్యాక్ విషయంలో పట్టిక ప్రకారం ఎక్కువ ఇచ్చామా తక్కువ ఇచ్చామా అన్నది రెండో ప్రశ్న. మనిషిని సరిగ్గా చదివామా అన్నదే మొదటిది. ఇక్కడ స్కౌట్లు ముందు చూడాల్సింది కాలేజీలో ఎన్ని మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడన్నది. ట్రుబిస్కీ 13. లాన్స్ 17, అవీ నార్త్ డకోటా స్టేట్ తరఫున, రెండో శ్రేణి పోటీలో. కోవిడ్ ఏడాది 2020లో ఒక్కటంటే ఒక్కటే మ్యాచ్. మహోమ్స్ టెక్సస్ టెక్‌లో 29. అలెన్ వయోమింగ్‌లో రెండు సీజన్లు స్టార్టర్‌గా ఆడాడు. నలుగురిని చూసి సూత్రం రాసేయలేం. కానీ వీడియో తక్కువ ఉన్నప్పుడు మిగతాది ఊహతో నింపుకుంటాం, ఆ ఊహకి ఫస్ట్ రౌండ్ పిక్‌లు ధారపోస్తాం. థర్డ్ అండ్ లాంగ్‌లో (మూడో ప్రయత్నం, ఇంకా చాలా గజాలు కావాలి), స్కోరులో వెనకబడి, ఎదురుగా బ్లిట్జ్ (అదనపు డిఫెండర్ల దాడి) వస్తున్నప్పుడు అతనేం చేస్తాడో చూడాలంటే అలాంటి ఆటలు చాలా కావాలి. పదమూడు మ్యాచ్‌లలో అవి సరిపడా దొరకవు.

మరి ఇంత రిస్క్ ఎందుకు? డబ్బు లెక్క వల్ల. 3వ పిక్‌గా లాన్స్ నాలుగేళ్ల ఒప్పందం సుమారు 3.41 కోట్ల డాలర్లు. 2024లో డాక్ ప్రెస్కాట్ కొత్త ఒప్పందం ఏడాదికే 6 కోట్లు. కుదిరిన కుర్ర క్వార్టర్‌బ్యాక్ అంటే ఏటా ఇంచుమించు 5 కోట్లు శాలరీ క్యాప్‌లో (టీము జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి) మిగులు. ఆ డబ్బుతో ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే ఒక పాస్ రషర్‌నీ, మన క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఒక లెఫ్ట్ టాకిల్‌నీ కొనుక్కోవచ్చు. ఇంకే పొజిషన్‌లోనూ ఇంత తేడా రాదు. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లో అయితే మరీ తక్కువ. సాక్వన్ బార్క్‌లీని 2018లో న్యూయార్క్ జెయింట్స్ 2వ పిక్‌తో తీసుకున్నారు. 2024లో ఈగల్స్ మూడేళ్లకు 3.775 కోట్లకు బయట మార్కెట్లోనే అతన్ని తెచ్చుకుని, 2005 గజాల పరుగూ సూపర్ బౌలూ చూశారు. బయట అందుబాటు ధరకి దొరికే పొజిషన్ కోసం పై పిక్‌లు ఖర్చుపెట్టడం దండగ. బార్క్‌లీ గొప్ప ఆటగాడే, ఆ మాట వేరు.

ఇక వెనక్కి జరగడం. 12వ పిక్ దగ్గరికే మళ్లీ వద్దాం. ఆ రాత్రి డాలస్ 10లో ఉంది, వాళ్లకి కావాల్సింది కార్నర్‌బ్యాక్ (ఎదుటివాళ్ల పాస్‌లను అడ్డుకునే డిఫెండర్). 8లో కరోలైనా జేసీ హార్న్‌ని, 9లో డెన్వర్ పాట్రిక్ సర్టెయిన్‌ని తన్నుకుపోయారు. 11లో ఉన్న జెయింట్స్ రిసీవర్ (పాస్ అందుకునేవాడు) డెవాంటా స్మిత్‌ని తీసుకుంటారేమోనని ఈగల్స్‌కి భయం. మూడూ ఒకే డివిజన్ టీములు, మామూలుగా ఒకరితో ఒకరు బేరమాడరు. అయినా ఈగల్స్ 12తో పాటు 84 ఇచ్చి 10 తీసుకున్నారు. 1370కి 1300. డాలస్ రెండు మెట్లు దిగింది, 84వ పిక్ లాభం, పైగా పార్సన్స్. ఆ ఏడాది అతను 13 శాక్‌లు చేసి (క్వార్టర్‌బ్యాక్‌ని బంతితో పడగొట్టడం) డిఫెన్సివ్ రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త డిఫెండర్) అయ్యాడు. నాలుగేళ్లకు అతని రూకీ ఒప్పందం 1.7 కోట్లు, లాన్స్‌దాంట్లో సగం. డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉండే మనవాళ్లకి బాగా తెలిసిన ట్రేడ్ ఇది.

ఆర్థికవేత్తలు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ డ్రాఫ్ట్ మీద చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. ఒక పొజిషన్‌లో ముందు ఎంపికైనవాడు అదే పొజిషన్‌లో వెంటనే తర్వాత ఎంపికైనవాడికన్నా మెరుగ్గా తేలే అవకాశం 52 శాతం దరిదాపుల్లోనే ఉందని వాళ్లు లెక్క తేల్చారు. ఇచ్చే జీతానికి మించి వచ్చే విలువ సెకండ్ రౌండ్ మొదట్లో ఎక్కువగా ఉంటుందని కూడా చెప్పారు. ఇది నిజమైతే ఎవరి కన్ను గొప్పదన్న దానికంటే ఎన్నిసార్లు ఎంచుకునే వంతు వచ్చిందన్నది ముఖ్యం. క్వార్టర్‌బ్యాక్ ఉన్న టీము వెనక్కి జరగడమే మేలని మా అభిప్రాయం కూడా ఇందుకే.

అయితే ఎంత వెనక్కి? ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. డ్రాఫ్ట్‌కి ముందే బోర్డు (టీము సొంత ర్యాంకుల జాబితా) మీద ఆటగాళ్లను గ్రేడ్ వారీగా గుంపులు కట్టి పెట్టుకోవాలి. మన వంతు వచ్చేసరికి ఆ పై గుంపులో ఎంతమంది మిగిలారో లెక్కపెట్టి, అందులో ఒకటి తీసేసి, అన్ని మెట్లే దిగాలి. ఒకే గ్రేడ్ వాళ్లు ఆరుగురుంటే ఐదు మెట్లు. మధ్యలో ఐదుగురు ఎవరిని తీసుకెళ్లినా మనకొకడు మిగులుతాడు. ఇద్దరే ఉంటే ఒక్క మెట్టు. ఎదుటివాడు ఎన్ని పిక్‌లు ఊరించినా గుంపు దాటి కిందికి పోకూడదు.

ఆ రాత్రే జెయింట్స్ ఏం చేశారో చూడండి. స్మిత్ చేజారగానే 11 నుంచి ఏకంగా 20కి దిగారు. షికాగో నుంచి 20, ఒక ఫిఫ్త్ రౌండ్, మరుసటి ఏడాది ఫస్ట్, ఫోర్త్ రౌండ్లు వచ్చాయి. పట్టిక ప్రకారం ఘన విజయం. షికాగో ఫస్ట్ రౌండ్ 7వ పిక్ అయి కూర్చుంది. కానీ 20లో తీసుకున్న కదారియస్ టోనీని మరుసటి సీజన్ మధ్యలోనే కాన్సస్ సిటీకి ఇచ్చేశారు, 7లో తీసుకున్న ఎవాన్ నీల్ కుదురుకోలేదు. 11కి ఒక్క మెట్టు అవతల 12లో పార్సన్స్. పాయింట్లు గెలిచి ఆటగాళ్లను పోగొట్టుకోవడం అంటే ఇదే.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ బఫలోకి 7వ పిక్ అమ్మిన టాంపా బే. 12లో వీటా వియాని తీసుకున్నారు. చేతికొచ్చిన రెండు సెకండ్ రౌండ్లలో 53తో ఎం.జె. స్టువర్ట్ వచ్చాడు, పెద్దగా పనికిరాలేదు. 56ని న్యూ ఇంగ్లండ్‌కి ఇచ్చి ఇంకా కిందికి 63కి జరిగి కార్ల్‌టన్ డేవిస్‌ని తెచ్చుకున్నారు. వియా, డేవిస్ ఇద్దరూ 2021 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచిన డిఫెన్స్‌లో ఉన్నారు. మూడు వంతుల్లో రెండు ఫలించాయి, ఒకటి పోయింది. వెనక్కి జరిగే టీము ఆశించాల్సింది ఇంతే. అటు బఫలోకి అలెన్ దక్కాడు కాబట్టి నష్టపోయినవాళ్లే లేని ట్రేడ్ ఇది.

ఉన్నచోటే ఉండటం గురించి చెప్పేది తక్కువ. పై గుంపులో మనకు సరిగ్గా ఒక్కడే మిగిలి ఉండి, అతను మన వంతులో చేతికందుతుంటే ఫోన్ పక్కన పెట్టేయాలి. 2020లో సీడీ లాంబ్ 17 దాకా జారి రాగానే డాలస్ చేసింది అదే. మంచి పిక్‌ని బేరాల మోజులో పోగొట్టుకోవద్దు. గడియారం కూడా పరిగెడుతుంటుంది. 2003లో మిన్నెసోటా వైకింగ్స్ 7వ పిక్ మీద ట్రేడ్ తేల్చుకునేలోపే సమయం అయిపోయింది, జాక్సన్‌విల్, కరోలైనా వాళ్లను దాటి తమ ఆటగాళ్ల పేర్లు ఇచ్చేశాయి. 9లో తీసుకున్న కెవిన్ విలియమ్స్ గొప్పగా ఆడటం వాళ్ల అదృష్టం. ట్రేడ్ అంటే రెండు టీములూ లీగ్‌కి ఒకే వివరాలు చెప్పాలి, దానికే ఒకటి రెండు నిమిషాలు పోతాయి. బేరం సగం ముందు రోజే మాట్లాడి ఉంచుకుని, "మీ ఆటగాడు మిగిలి ఉంటే ఇది ఇస్తాను" అన్నదాకా తెచ్చుకున్నవాళ్లకే ఆ రాత్రి పని జరుగుతుంది.

భవిష్యత్తు పిక్‌ల విషయంలో మరో జాగ్రత్త. లీగ్‌లో వాడుక ఏమిటంటే, వచ్చే ఏడాది ఫస్ట్ రౌండ్‌ని ఈ ఏడాది సెకండ్ రౌండ్ కిందే లెక్క కడతారు. ఇచ్చేవాడికి ఇది ప్రమాదం. 2023లో కరోలైనా 9 నుంచి మొదటి పిక్‌కి ఎక్కుతూ 61, మరుసటి ఏడాది ఫస్ట్ రౌండ్, ఆ తర్వాతి ఏడాది సెకండ్ రౌండ్, రిసీవర్ డి.జె. మూర్‌ని షికాగోకి ఇచ్చింది. ఆ మొదటి పిక్‌తో తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్‌తో సీజన్‌ని 2 గెలుపులు, 15 ఓటములతో ముగించేసరికి, ఇచ్చిన ఆ ఫస్ట్ రౌండ్ 2024లో మొదటి పిక్ అయింది. దాంతో షికాగో క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్‌ని తీసుకుంది. బలహీనమైన టీము తన రేపటి ఫస్ట్ రౌండ్‌ని ఇస్తోందంటే టాప్ 5 పిక్ ఇస్తున్నట్టే అనుకుని లెక్క కట్టాలి. తీసుకునే టీముకి అందుకే ఇది బంగారం. శాన్‌ఫ్రాన్సిస్కో ఇచ్చిన రెండు ఫస్ట్ రౌండ్లతో మయామీ ఒకదాన్ని టైరీక్ హిల్ ట్రేడ్‌లో, మరొకదాన్ని బ్రాడ్లీ చబ్ ట్రేడ్‌లో వాడుకుంది.

మరి ఎవరికి ఏది మేలు? క్వార్టర్‌బ్యాక్ లేని టీము, కనీసం రెండు సీజన్ల వీడియో ఉన్నవాడు తమ బోర్డు మీద మిగతావాళ్లకన్నా స్పష్టంగా పైన ఉంటే, ఎక్కాలి. మూడు నాలుగు వందల పాయింట్లు అదనం పోయినా పర్వాలేదు. ఇద్దరు ముగ్గురు సమానంగా కనిపిస్తే ఎక్కకూడదు, షికాగో తప్పు అదే. క్వార్టర్‌బ్యాక్ కాని ఆటగాడి కోసం ఎక్కితే ఒకటి రెండు మెట్లు, అదీ ఈ ఏడాది పిక్‌లతోనే, ఈగల్స్ ఇచ్చిన థర్డ్ రౌండ్‌కి మించకుండా. క్వార్టర్‌బ్యాక్ ఉండి మిగతా చోట్ల గుల్లగా ఉన్న టీము గుంపు హద్దులోపల వెనక్కి జరగాలి. 53 మంది జాబితా ఇప్పటికే గట్టిగా ఉన్న టీముకి మాత్రం పది పిక్‌లు చేతిలో ఉన్నా ఆఖరి నాలుగైదుగురు ఆగస్టులో కట్ అయిపోతారు. అలాంటివాళ్లు చివరి రౌండ్ల పిక్‌లు కలిపి ఇచ్చి సెకండ్, థర్డ్ రౌండ్లలో ఎక్కడం తెలివైన పని.

ఫస్ట్ రౌండ్ ఆఖర్లో మాత్రం ఈ లెక్కలకు ఒక మినహాయింపు ఉంది. పట్టికలో 32కి 590, 33కి 580. కానీ ఐదో ఏడాది ఆప్షన్ ఫస్ట్ రౌండ్ వాళ్లకే. నాలుగేళ్లకు బదులు ఐదేళ్లు మన చేతిలో ఉంటాడు. 2018లో బాల్టిమోర్ 52, 125, మరుసటి ఏడాది సెకండ్ రౌండ్ ఇచ్చి, ఫిలడెల్ఫియా నుంచి 32, 132 తీసుకుని క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌ని ఎంచుకుంది. 2019లో అతను ఎంవీపీ (లీగ్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడు, 2022 సీజన్‌ని ఆ ఆప్షన్ కిందే ఆడాడు. క్వార్టర్‌బ్యాక్ సెకండ్ రౌండ్ దాకా జారేలా ఉన్నాడనిపిస్తే, 33 దాకా ఆగి రెండు మూడు పిక్‌లు మిగుల్చుకోవడం కన్నా 32లోకి ఎక్కి ఆ ఐదో ఏడాది కొనుక్కోవడమే లాభం.