ఆరేళ్లు షెల్ బిళ్ళతో తిరిగాక

మ్యాజిక్ కోసం హాఫ్ డాలర్ (అమెరికా అర డాలరు బిళ్ళ) షెల్ సెట్ కొని ఆరేళ్లు దాటింది. నాలుగు బిళ్ళలు, ఒక షెల్, అంటే అసలు బిళ్ళ మీద మూతలా కూర్చునే గుల్ల బిళ్ళ. పర్లాకిమిడి చుట్టుపక్కల పెళ్లిళ్లు, బారసాలలు, అప్పుడప్పుడూ గుణుపురం, బరంపురం దాకా. స్టేజీ కాదు, జనం మధ్య కూర్చుని చేసే మ్యాజిక్ నాది. కొనొచ్చా అని అడిగే కుర్రాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి రాస్తున్నాను.

వస్తువు మంచిదే. హాఫ్ డాలర్ 30.6 మిల్లీమీటర్లు, 11.34 గ్రాములు, అరచేతి కండల మధ్య అది నిలబడినంత బాగా ఇప్పటి మన బిళ్ళ ఏదీ నిలబడదు. 27 మిల్లీమీటర్ల పది రూపాయల బిళ్ళతో రెండేళ్లు కుస్తీ పట్టినా నాకు రాని క్లాసిక్ పామ్ (బిళ్ళని అరచేతిలో నొక్కిపట్టి దాచడం), దీంతో ఆరు నెలల్లో వచ్చేసింది. కాయిన్స్ అక్రాస్ (బిళ్ళలు ఒక్కొక్కటిగా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెళ్లినట్టు చూపే ఐటమ్) అయితే షెల్ ఉంటే సగం పని అదే చేసిపెడుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. షెల్ లోపల గుల్ల, గట్టి బల్ల మీద పెడితే చప్పుడు తేడాగా వస్తుంది, అందుకే కింద తువ్వాలు లేకుండా నేను చెయ్యను. రెండో ఏడు సిమెంటు గచ్చు మీద పడి అంచు వంగింది. మా ఊళ్లో కొమ్ముపని చేసే ఒకాయన సన్నటి ఆకురాయితో గీరి సరిచేశాడు గానీ అప్పట్నుంచీ ఒక పక్క కొంచెం పట్టేస్తుంది. వైశాఖంలో పెళ్లి పందిట్లో చెమటకి బిళ్ళ జారుతుంది, ఏసీ హాల్లో చెయ్యి పొడిబారినా జారుతుంది, దానికి షెల్‌ని అనలేం.

అసలు గొడవ వేరు. ఒక పెళ్లిలో ఐటమ్ అవ్వగానే ఓ పెద్దాయన "ఏటి బాబూ, ఇది ఏ దేశం బిళ్ళ, ఓపాలి ఇలాగియ్యి" అన్నాడు. షెల్ నా దగ్గరే ఉంచుకుని అసలు బిళ్ళలు మూడు ఇచ్చాను. తిప్పి చూసి, కొరికి చూసి, "మతలబంతా బిళ్ళలోనే ఉందిరా" అని తేల్చేశాడు. ఆయన చేతిలో ఉన్న మూడూ అసలువే! అయినా పందిరంతా ఆయన మాటే నమ్మింది. ఇలా ఒకసారి కాదు, పల్లెల్లో చేసిన ప్రతిచోటా జరిగింది. ఎరగని బిళ్ళ చూడగానే సగం అనుమానం మొదలవుతుంది, మన చేతివాటం ఎంత బాగున్నా అంతే.

సరే, పది రూపాయల బిళ్ళకే షెల్ చేయిద్దామని లేతు మిషను దగ్గరికి వెళితే అతను చెయ్యనన్నాడు. మంచిదే అయింది, 2011 కాయినేజ్ చట్టం ప్రకారం నాణేన్ని నాశనం చేయడం నేరమని తర్వాత తెలిసింది.

చివరికి దారి మా నాయనమ్మ పెట్టెలో దొరికింది. ఐదో జార్జి బొమ్మున్న వెండి రూపాయిలు, 11.66 గ్రాములు, సైజు కూడా ఇంచుమించు హాఫ్ డాలరే! పామ్ మళ్లీ నేర్చుకోనక్కర్లేకపోయింది. అది బయటికి తీస్తే ముసలివాళ్లు అనుమానపడరు, వాళ్ల కథలు మొదలెడతారు, ఆ సందులో నా పని అయిపోతుంది. పిల్లలుంటే పది రూపాయల బిళ్ళలు. అవి చెల్లవని మా సంతలో చాలామంది తీసుకోరు, 14 డిజైన్లూ చెల్లుతాయని 2018లో రిజర్వు బ్యాంకు చెప్పినా అంతే, అందుకని కొట్లవాళ్లు నాకు సంతోషంగా ఇచ్చేస్తారు. మాగ్నెట్ ఐటమ్స్ చేసేవాళ్లకి ఇంకో మాట: మన స్టీలు రూపాయి మామూలుగానే అయస్కాంతానికి అతుక్కుంటుంది, అతుక్కునే బిళ్ళలు విడిగా కొనడానికి డబ్బు తగలెయ్యకండి.

కార్పొరేట్ పార్టీలు, హోటళ్లలో చేసేవాళ్లు షెల్ సెట్ కొనుక్కోండి, అక్కడ ఎవరూ బిళ్ళ కొరికి చూడరు. మావైపు పల్లెల్లో తిరిగేవాళ్లకి మాత్రం వద్దనే అంటాను. నా సెట్లో నాలుగు బిళ్ళలూ సాధనకి ఉంచుకున్నాను. షెల్ ఎవరికైనా కావాలంటే, ఆ పట్టేసే అంచుతో సహా, సగం ధరకి ఇచ్చేస్తాను.