సిరొంచ దారిలో అడవినాభి

సిరొంచలో రాత్రి బస మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్లకు బకెట్‌కు 30 రూపాయలు తీసుకున్నారు, గదిదాకా వచ్చేసరికి అవి చల్లారిపోయాయి. కాళేశ్వరంలోనే ఉండి, పొద్దున్నే గోదావరి వంతెన దాటడం మేలు. గుడి ఊరు కాబట్టి గదులూ టిఫినూ దొరుకుతాయి. సిరొంచ మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా అయినా భాషకు ఇబ్బంది లేదు. బోర్డులు మరాఠీ, బజారులో తెలుగు.

ఆగస్టు చివర్లో ఆటో మాట్లాడుకుని, ఇంద్రావతి గోదావరిలో కలిసే సోమనూరు సంగమానికి బయల్దేరాం. దారి గుంతలమయం. ఒకచోట పొదల మీద ఎవరో నిప్పు రాజేసినట్టు పువ్వులు! వెనక్కి విరుచుకున్న 6 రేకులు, అంచులు అలలు అలలుగా, అడుగున పసుపు, పైన ఎరుపు.

"అడవి లిల్లీ" అంది మా ఆవిడ. "అడవినాభి అక్కా, గడ్డ జోలికి పోకండి" అన్నాడు ఆటో తమ్ముడు. టీ కొట్టు పెద్దాయన మరాఠీ పేరు చెప్పాడు: కళలావి. కళ అంటే పురిటినొప్పి, దాన్ని తెప్పించేదని అర్థమట. సంస్కృతంలో గర్భపాతిని అన్నదీ ఇందుకే. దుంప నాగలిలా వంగి ఉంటుంది కనుక లాంగలి అనీ అంటారు.

పేర్లతో చిక్కేమిటంటే, హిమాలయాల్లో పెరిగే వత్సనాభి వేరే మొక్క, అదీ విషమే. మరాఠీలో బచనాగ్ అని రెంటినీ అంటారు. కాబట్టి శాస్త్రనామం రాసుకోవాలి: గ్లోరియోసా సుపర్బా. పాత పుస్తకాలు లిల్లీ కుటుంబంలో పెట్టాయి, ఇప్పుడు కొల్చికేసీలో ఉంది. దీంట్లోని కొల్చిసిన్ అనే రసాయనం కొలిచి ఇస్తే గౌట్ అనే కీళ్ల నొప్పికి మందు, దుంప తింటే ప్రాణాంతకం. తమిళనాడు రాష్ట్రపుష్పం కూడా ఇదే!

పువ్వు లేనప్పుడూ గుర్తుపట్టే ఆనవాలు ఆకు కొస. అది మీసంలా మెలిపడి పక్క కొమ్మను పట్టుకుంటుంది. తోటల్లో పెంచే మామూలు లిల్లీలకు ఇది ఉండదు.

సంగమం బాగుంది, నీడా తినడానికీ ఏమీ లేవు, అన్నం కట్టుకెళ్లండి. తిరిగొస్తూ చూసుకుంటే మా ఫోటోలన్నీ పువ్వులే, ఆకు ఒక్కటీ లేదు. మళ్లీ ఆటో ఆపాం. వెయిటింగ్‌కు 50 అదనంగా అడిగాడు, మా ఆవిడ బేరం చేయలేదు.